ఓవెన్ పాడైందనుకునే ముందు

సంపాదకులకు నమస్కారం.

మీ గృహోపకరణాల పేజీలో ఏ ఓవెన్ కొనాలో బాగానే చెబుతున్నారు. కొన్నాక అది మొరాయిస్తే ఏం చూసుకోవాలో కూడా ఒకసారి రాయండి. ఓవెన్లు బాగుచేసి బతికేవాణ్ణి, నా పొట్ట నేనే కొట్టుకుంటున్నానని మావాళ్లు అంటే అననీయండి.

మాకొచ్చే ఫోన్లలో చాలావాటికి స్క్రూడ్రైవర్ తీసే పనే ఉండదు. కరెంటు పోయి వచ్చాక గడియారం అంకెలు మిణుకుతూ ఉంటాయి, ఓవెన్ మాత్రం వేడెక్కదు. చాలా బిల్టిన్ మోడళ్లు టైము మళ్లీ సెట్ చేసేదాకా అంతే. తాళం బొమ్మ కనిపిస్తే చైల్డ్ లాక్ పడిందని అర్థం. ఆ ఒక్క బటన్ నొక్కి విజిటింగ్ చార్జి అడగాలంటే మొహమాటంగా ఉంటుంది.

కేకు ఒకవైపు మాడి, ఇంకోవైపు పచ్చిగా ఉందంటే అందరూ వేడిని అదుపుచేసే థర్మోస్టాట్‌నే అనుమానిస్తారు. ముందు ట్రే చూడండి. అది వెనక గోడకు ఆనుకుని ఉంటే వేడిగాలి తిరగదు. అడుగున ఫాయిల్ పరిచినా అదే తంతు, పైగా వేడికి అది లోపలి పూత అయిన ఎనామిల్‌కు అతుక్కుని ఊడిరాదు. తర్వాత తలుపు చుట్టూ ఉండే పట్టీ. మూలల్లో దాన్ని పట్టి ఉంచే సన్నటి కొక్కెం ఊడితే పట్టీ కాస్త వేలాడుతుంది, వేడంతా అక్కడినుంచే పోతుంది. ఓవెన్ చల్లారాక ఆ కొక్కేన్ని దాని రంధ్రంలోకి నొక్కితే సరిపోతుంది. పట్టీ చిరిగిపోతే మాత్రం కొత్తది వేయాల్సిందే.

అప్పటికీ అనుమానం తీరకపోతే ఓవెన్ థర్మామీటర్ మధ్య అరలో పెట్టి 180 డిగ్రీలకు తిప్పండి. ముల్లు కాస్త పైకీ కిందికీ ఊగిందని టెన్షన్ పడొద్దు. లోపల వేడినిచ్చే కమ్మీ, అంటే ఎలిమెంట్, ఆగి ఆగి వెలుగుతుంది కాబట్టి అది మామూలే. అరగంట తర్వాత కూడా 30 డిగ్రీలు తక్కువే చూపిస్తుంటే అప్పుడు మమ్మల్ని పిలవండి.

ఇక వార్మింగ్ డ్రాయర్, అంటే వండినవి వేడిగా ఉంచే సొరుగు. ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నె అందులో పెట్టి, గంటయినా వేడెక్కలేదంటారు. అది వండిన వేడిని నిలబెట్టడానికే గానీ చల్లటిదాన్ని వేడిచేయడానికి కాదు. ఆహారం 60 డిగ్రీల కిందికి దిగి చాలాసేపు గోరువెచ్చగా ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి, కాబట్టి పొగలు కక్కుతుండగానే పెట్టాలి. డ్రాయర్‌ను ముందే కాసేపు వేడెక్కనివ్వాలి. పూర్తిగా మూసుకోకపోతే పట్టాల్లో చేరిన తుక్కు తుడిచి, వెనక ఏదైనా పడిందేమో చూడండి. అన్నట్టు, కొన్ని ఓవెన్ల కింద ఉండేది ట్రేలు దాచుకునే ఉత్త సొరుగు. దానికి స్విచ్చూ ఉండదు, వేడీ రాదు. అది పనిచేయట్లేదని కూడా ఫోన్లు వస్తాయి!

ఇంట్లో ముట్టుకోకూడనివీ ఆ వ్యాసంలో చెప్పండి. ఓవెన్ వేసిన ప్రతిసారీ, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్ అయిన ఆర్‌సీసీబీ పడిపోతుంటే ఎలిమెంట్‌లో తేమ చేరి ఉండొచ్చు, లీకేజీ ఇంకెక్కడైనా ఉండొచ్చు. స్విచ్ మళ్లీ మళ్లీ పైకెత్తకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ఎలిమెంట్ మీద బొబ్బలేచినట్టు ఉబ్బినా, ప్లగ్గు నల్లబడినా మెయిన్ ఆపి వదిలేయాలి. గ్యాస్ ఓవెన్‌లో వాసన వస్తే ఏ స్విచ్చూ వేయకూడదు, ఆపకూడదు; గ్యాస్ కట్టేసి, కిటికీలు తెరిచి బయటికి వచ్చేయాలి. ఫోన్ చేయడం ఆ తర్వాతే.

ఇట్లు,
ఓవెన్ మెకానిక్, మీ పాఠకుడు