సంతకానికి ముందు ఒక్కసారి యార్డులోకి రండి: ఓడరేవుల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఓడరేవుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

బొగ్గును విదేశాలకు పంపే కొత్త టెర్మినల్ ఫైలు మీ టేబుల్ మీదికి వచ్చిందని తెలిసి ఈ లేఖ రాస్తున్నాను. నేను 22 ఏళ్లు అలాంటి టెర్మినల్‌లోనే పనిచేశాను. బొగ్గును మోసే బెల్టుల దగ్గర మొదలుపెట్టాను, చివరి తొమ్మిదేళ్లు బొగ్గు గుట్టలు పోసే యార్డులో షిఫ్టు చూసుకున్నాను. ఆ జీతంతోనే పిల్లల్ని చదివించాను. బొగ్గు రేవు అనగానే వద్దని అరిచే మనిషిని కాను. అలాగని కంపెనీవాళ్లు చూపించే రంగుల బొమ్మలు చూసి అంతా బాగానే ఉంటుందని నమ్మలేను కూడా. నేను అడిగేది ఒక్కటే. ఆ టెర్మినల్‌కు ఏమేం ఉండాలో లైసెన్సులో ముందే రాయించండి. కాంక్రీటు పోశాక, మొదటి ఓడ వెళ్లిపోయాక ఏదీ రాదు. అలా రాకుండా పోయినవాటిని నేను కళ్లారా చూశాను.

యార్డులో బొగ్గు ఒక బెల్టు మీంచి ఇంకో బెల్టు మీదికి పడే చోట ట్రాన్స్‌ఫర్ టవర్ ఉంటుంది. చూట్‌లోంచి, అంటే ఏటవాలు గొట్టంలోంచి, జారిన బొగ్గు కింది బెల్టును తాకగానే గుప్పుమని పొడి లేస్తుంది. అది బయటికి రాకుండా చూట్ అంచులకు రబ్బరు పట్టీలు బిగిస్తారు. మేం స్కర్ట్ రబ్బరు అనేవాళ్లం. మా టవర్‌లో ఒక వైపు ఆ రబ్బరు చిరిగింది. రిజిస్టర్‌లో రాశాను. వారం తర్వాత మళ్లీ రాశాను. బెల్టు ఆపితేగానీ రబ్బరు మార్చడం కుదరదు. ఓడ బెర్తులో, అంటే సరుకు ఎక్కించుకునే చోట, ఉండగా బెల్టు ఆపడానికి ఎవరూ ఒప్పుకోరు. ఈ ఓడ కదిలిందో లేదో, వెనకే ఇంకోటి వచ్చి నిలబడేది. అలా నాలుగు నెలలు గడిచాయి. షిఫ్టు దిగే వేళకి మెట్ల రెయిలింగు మీద వేలితో పేరు రాసేంత పొడి. మాస్కు తీస్తే ముక్కు కింద రెండు నల్ల గీతలు. చూట్లు శుభ్రం చేసే కాంట్రాక్టు కుర్రాళ్లకైతే ఆ మాస్కులు కూడా లెక్కపెట్టి ఇచ్చేవాళ్లు. ఆ రబ్బరు ముక్క పెద్ద ఖరీదైనదేం కాదు. పొడి ఇంత మించితే బెల్టు ఆపి తీరాలి అని లైసెన్సులో ఒక్క వాక్యం ఉండి ఉంటే మర్నాడే మారిపోయేది.

పొడి గురించి అడిగితే స్ప్రింక్లర్లు పెడతాం అంటారు. పెట్టనివ్వండి, కావలసిందే. కానీ నీళ్లతోనే పని అయిపోదు. ఎక్కువ తడిపితే ఓడకు ప్రమాదం. తడి హద్దు దాటిన సన్న బొగ్గు అలల ఊపుకు హోల్డులో, అంటే ఓడలో సరుకు నింపే గదిలో, బురదలా కదిలి ఓడను ఒరగబెట్టగలదు. అందుకే ఓడ ఎక్కించే బొగ్గులో తేమ ఎంత ఉండాలో అంతర్జాతీయ నిబంధనలు హద్దు పెట్టాయి. తక్కువ తడిపితే గాలివాటున ఉన్న ఇళ్లకు ప్రమాదం. ఈ రెండింటి మధ్య ఇరుక్కుని షిఫ్టులో ఉన్నవాడు వాల్వు తిప్పుతూ కూర్చుంటాడు. బెల్టులకు పైకప్పు, టవర్లకు గోడలు, బొగ్గు గుట్టల చుట్టూ గాలి ఆపే తెరలు, ఓడలోకి బొగ్గు పోసే లోడర్ చూట్ హోల్డు లోపలిదాకా దిగే ఏర్పాటు ఉంటే అతనికి ఆ టెన్షన్ సగం తగ్గుతుంది. ఇవన్నీ డిజైన్‌లోనే ఉండాలి. తర్వాత తగిలించాలంటే డబ్బు లేదంటారు, టైము లేదంటారు.

ప్రభుత్వం గట్టిగా నిలబడితే కంపెనీ కదులుతుందనడానికి కొలంబియా సాక్ష్యం. అక్కడి కరీబియన్ తీరంలో కొన్ని రేవుల్లో బొగ్గును బార్జీల్లో, అంటే అడుగు చదునుగా ఉండే సరుకు పడవల్లో, తీసుకెళ్లి, సముద్రంలో లంగరేసిన ఓడల్లోకి క్రేన్లతో ఎత్తిపోసేవారు. 2013 జనవరిలో శాంటా మార్టా దగ్గర ఒక బార్జీ మునిగేలా ఉందని అందులోని బొగ్గును వందల టన్నుల లెక్కన సముద్రంలోకి తోసేశారు. బార్జీలు ఆపి, కన్వేయర్ బెల్టు మీదుగా నేరుగా ఓడలోకే నింపాలని ప్రభుత్వం పెట్టిన గడువు 2014 జనవరి 1. ఆ తేదీకి కన్వేయర్ పూర్తి చేయని పెద్ద కంపెనీ లోడింగ్‌ను అధికారులు నిలిపేశారు. ఎగుమతి ఆదాయం పోతుందని తెలిసీ ఆపారు. ఆ ఏడాదే కన్వేయర్ పనిలోకి వచ్చింది.

ఇక నీళ్ల సంగతి. నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది ఇదే. యార్డులో కురిసిన వాన, స్ప్రింక్లర్ల నీళ్లు అన్నీ కాలువల్లోంచి ఒక చెరువులోకి చేరతాయి. బొగ్గు అడుక్కి దిగాక పైనీటిని మళ్లీ వాడుకుంటారు. మా చెరువు మామూలు వానలకు సరిపోయేది. ఒక రాత్రి మామూలు వాన కాదు. టార్చిలైటు వేసి కొలత కర్ర చూస్తూ గట్టు మీద నిలబడ్డాను. అర్ధరాత్రికి నీళ్లు ఎర్రగీత దాటాయి. గట్టు తెగితే కింద సబ్‌స్టేషన్ ఉంది. పై అధికారులకు ఫోన్ చేస్తే, నీళ్లు బయటికి వదిలే గేటు తెరువు అన్నారు. చక్రం తిప్పింది నేనే. తెల్లారాక చూస్తే కాలువ సముద్రంలో కలిసే చోట నుంచి ఇసుక మీద నల్లటి చార, ఆ చార పక్కనే వల సర్దుకుంటున్న ఇద్దరు మనుషులు. వాళ్లు నన్నేమీ అనలేదు. నేనూ వాళ్లతో ఏమీ అనలేకపోయాను.

ఇది మా ఒక్క రేవు కథ కాదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ తీరంలోని అబాట్ పాయింట్ టెర్మినల్ గ్రేట్ బారియర్ రీఫ్ అనే పెద్ద పగడపు దిబ్బల పక్కనే ఉంటుంది. 2017 మార్చిలో డెబ్బీ తుఫాను వచ్చినప్పుడు, తాత్కాలిక అనుమతి తీసుకుని వదిలిన నీళ్లలో కూడా మట్టి, బొగ్గు రేణువులు అనుమతించిన హద్దును మించిపోయాయి. తుఫాన్లు వచ్చే తీరంలో చెరువును సగటు వానకు కట్టడం తప్పు. మీ ఫైలులో చెరువు లోతు, వైశాల్యం ఏ వానను లెక్కలోకి తీసుకుని వేశారో ఒక్కసారి అడిగి చూడండి.

అదే అబాట్ పాయింట్‌లో ఇంకో పాఠం ఉంది. రేవు విస్తరణ కోసం తవ్వబోయే 30 లక్షల ఘనపు మీటర్ల పూడికను, ఆ పగడపు దిబ్బల రక్షణకు పెట్టిన మెరైన్ పార్కు నీళ్లలోనే పారబోయడానికి 2014 జనవరిలో అనుమతి ఇచ్చారు. జనం లేచారు. ఆ పథకం వదులుకోవాల్సి వచ్చింది. 2015లో అలాంటి కొత్త తవ్వకాల మట్టిని ఆ పార్కులో వేయకూడదని నిషేధమే వచ్చింది. మట్టిని ఎక్కడ వేస్తారో తేల్చకుండా తవ్వకానికి అనుమతి ఇవ్వకండి.

ఎగుమతి రేవుకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. బొగ్గు కోసం వచ్చే ఓడ ఖాళీగా వస్తుంది. ఖాళీ ఓడ నిలకడగా నడవాలంటే ట్యాంకుల్లో సముద్రపు నీళ్లు నింపుకోవాలి. కేప్‌సైజ్ అనే భారీ రకం ఓడలో ఆ బల్లాస్ట్ నీళ్లు వేల టన్నులు. బొగ్గు ఎక్కుతున్నకొద్దీ ఆ నీళ్లను మన దగ్గరే వదులుతుంది. ఎక్కడో దూరపు సముద్రాల జీవాలు వాటితో దిగిపోతాయి. ఈ నీళ్ల మీద అంతర్జాతీయ ఒప్పందం 2017 సెప్టెంబరు నుంచే అమల్లో ఉంది. కానీ ఓడ ఎక్కి రికార్డు పుస్తకం చూసి, నమూనా తీసే మనిషి రేవులో లేకపోతే ఒప్పందం కాగితం మీదే ఉంటుంది. ఆ మనిషి జీతం ప్రాజెక్టు ఖర్చులో చూపించమని చెప్పండి.

మంటల గురించి క్లుప్తంగా చెప్తాను. బొగ్గు గుట్ట తనంతట తానే వేడెక్కుతుంది. తెల్లవారుజామున గుట్ట భుజం మీద సన్నటి పొగ కనిపిస్తే, లోపల అప్పటికే రాజుకుందని అర్థం. పైన నీళ్లు కొడితే ఆరదు. తవ్వి, పరిచి, చల్లార్చి, మళ్లీ తొక్కించాలి. 55 డిగ్రీలు దాటిన బొగ్గును ఓడ ఎక్కించకూడదు. ఓడ ఎదురుచూస్తోందని ఆ వేడి బొగ్గునే ఎక్కించమని ఒత్తిడి వస్తుంది. ఆపే అధికారం షిఫ్టులో ఉన్నవాడికి రాతపూర్వకంగా ఇవ్వండి. ఆపినందుకు అతని ఉద్యోగం పోకూడదని కూడా అందులోనే రాయండి.

డబ్బు లెక్కలు మీకు నాకంటే బాగా తెలుసు. అయినా క్వీన్స్‌లాండ్‌లోనే గ్లాడ్‌స్టోన్ దగ్గరున్న విగ్గిన్స్ ఐలాండ్ టెర్మినల్ సంగతి మీ అధికారుల్ని అడగండి. దాన్ని ఏటా 2.7 కోట్ల టన్నులు పంపేలా ఎనిమిది బొగ్గు కంపెనీలు కలిసి మొదలుపెట్టాయి. బొగ్గు పంపినా పంపకపోయినా చార్జీ కట్టాల్సిందే అన్నది ఒప్పందం. 2015లో మొదటి ఓడ వెళ్లేసరికే బొగ్గు ధర పడిపోయి ఉంది. కొన్ని కంపెనీలు కుప్పకూలాయి, వాటి భారం మిగతావాటి నెత్తిన పడింది. ఆస్ట్రేలియాలోనే ఉన్న న్యూకాజిల్ రేవు నుంచి 1799లోనే బెంగాల్‌కు బొగ్గు ఓడ వెళ్లింది. అంత పాత అనుభవం ఉన్నచోట కూడా, అన్ని అనుమతులూ వచ్చిన నాలుగో టెర్మినల్‌ను గిరాకీ లేదని 2018లో వదిలేశారు. కాబట్టి రేపు బొగ్గు కొనేవాళ్లు తగ్గితే ఆ జెట్టీని, ఆ నల్లబడిన నేలను ఎవరు శుభ్రం చేస్తారు? ఆ డబ్బు ఇప్పుడే బ్యాంకు గ్యారంటీగా కట్టించుకోండి. దివాలా తీసినవాడి దగ్గర తర్వాత వసూలయ్యేది ఏమీ ఉండదు.

చివరగా, ఆ తీరంలో ఇప్పటికే బతుకుతున్నవాళ్లు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని చెర్రీ పాయింట్ దగ్గర పెద్ద బొగ్గు ఎగుమతి టెర్మినల్ కట్టాలనుకున్నారు. అక్కడి ఆదివాసులైన లమ్మీ తెగవాళ్లు ఆ నీళ్లలో చేపలు పట్టే హక్కు అమెరికా ప్రభుత్వంతో 1855లో జరిగిన ఒప్పందం కింద తమకు ఉందని నిలబడ్డారు. 2016 మేలో సైన్యపు ఇంజనీర్ల విభాగం వాళ్ల మాటే సరైనదని అనుమతి నిరాకరించింది. మన మత్స్యకారుల చేతిలో అలాంటి కాగితం ఉండకపోవచ్చు. వల వేసే చోటు మాత్రం వాళ్ల తాతల నాటిది. ఓడల దారికి అడ్డమని వాళ్లను పక్కకు తప్పుకోమనే ముందు, ఆ దారి గీసిన మ్యాపును వాళ్ల ముందు పరిచి మాట్లాడండి.

ముసాయిదా లైసెన్సును మా అందరికీ అర్థమయ్యే భాషలో బయట పెట్టండి. అభిప్రాయం చెప్పడానికి కనీసం 60 రోజులు ఇవ్వండి. పొడి కొలిచే మీటర్ల అంకెలు కంపెనీ ఆఫీసులో కాకుండా రేవు గేటు దగ్గర బోర్డు మీద గంటగంటకూ కనిపించాలని అందులో రాయించండి.

సంతకం పెట్టే ముందు, నడుస్తున్న ఏదైనా బొగ్గు యార్డుకు ఒక రోజు రండి. ఉదయం రావద్దు, తనిఖీ అని తెలిస్తే ఉదయం అంతా కడిగి పెడతారు. గాలి ఎత్తుకునే సాయంత్రం, షిఫ్టు మారే వేళకి రండి. ఏ టవర్ ఎక్కాలో, ఏ చూట్ పక్కన నిలబడాలో నేను చూపిస్తాను. తెల్ల చొక్కాతో రండి.

ఇట్లు,
భవదీయుడు,
బొగ్గు యార్డు మాజీ షిఫ్టు సూపర్‌వైజర్