నీ కుతుబ్ షాహీ ముద్ర ఇక లేదు

హైదరాబాద్,
ఆదివారం ఉదయం.

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం అంది రెండు నెలలు దాటినా జవాబు రాయలేకపోయినందుకు మన్నించు. ఇక్కడ అందరం కులాసా. పెద్దమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరంలోకి వచ్చింది, ఊళ్లో అమ్మకు మోకాళ్ల నొప్పి కొంత తగ్గింది, మా ఆఫీసు మళ్లీ నాంపల్లికి మారింది. మిగతా కబుర్లు తరువాత రాస్తాను. ఈ రోజు నేను కలం పట్టింది ఒక్క సంగతి కోసం: నాన్న సీకో వాచీ చైను లాకు మీద గోల్కొండలో నీవల్ల పడ్డ లోతైన గీతను, అదే నీ కుతుబ్ షాహీ ముద్రను, నా చేతులతో, మూడు సాయంత్రాలు కూర్చుని చెరిపేశాను. ఆ ముద్ర ఎలా పడిందో ఈ లోకంలో నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు కనుక, అది పోయిందన్న సంతోషాన్ని కూడా నీతోనే పంచుకోవాలి.

వాచీ వెనకబడుతోందని పోయిన నెల నాన్న దాన్ని నాకిచ్చి వెళ్లారు. సుల్తాన్ బజార్‌లో ఒక పెద్దాయన దాన్ని విప్పి, శుభ్రం చేసి, నూనె వేసి ఇచ్చారు. 1987లో కువైట్‌లో, తిండి ఖర్చు తగ్గించుకుని మిగిల్చిన దీనార్లతో నాన్న కొన్న ఆ వాచీ ఇప్పుడు మళ్లీ నిక్కచ్చిగా నడుస్తోంది. అర్ధరాత్రి దాటాక వారం పేరు కాసేపు అరబ్బీలోకి వెళ్లి, తెల్లవారేసరికి ఇంగ్లీషులోకి వచ్చే అలవాటు కూడా అలాగే ఉంది. మొన్న రాత్రి ఒంటిగంటకు ఆ అక్షరాలు చూడగానే నీ "అరబ్బీ ఆదివారం" గుర్తొచ్చి ఒక్కడినే కూర్చుని నవ్వుకున్నాను.

లోపల అంత బాగుపడిన వాచీ పైన గీతలతో మసకబారి ఉండటం నాకు బాధ కలిగించింది. అబిడ్స్‌లో ఒక దుకాణంలో అడిగితే, చక్రం మీద పెట్టి సాయంత్రానికల్లా అద్దంలా మెరిపించి ఇస్తామన్నారు. వాళ్లు అలా చేసిన మరొక వాచీని చేతిలోకి తీసుకుని చూశాను. నిజంగానే మెరుస్తోంది, కానీ దాని అంచులన్నీ అరిగిన సబ్బు బిళ్లలా గుండ్రబడిపోయాయి, కేసు మీద ఉండవలసిన సన్నని నూలుగీతల జాడే లేదు. నాన్న వాచీని అలా చూడలేననిపించి, మాట్లాడకుండా ఇంటికి తెచ్చేశాను.

చాలా స్టెయిన్‌లెస్ స్టీలు వాచీలకు రెండు రకాల మెరుగు ఉంటుందని నాకు ఇన్నేళ్లుగా తెలియదు రఘూ. కేసు పైభాగమూ చైను పైభాగమూ ఒకే దిశలో సాగే సన్నని గీతలతో మసక వెండిలా ఉంటాయి. కేసు పక్కలు మాత్రం అద్దంలా నున్నగా ఉంటాయి. ఈ రెండూ కలిసే అంచు పదునుగా ఉంటేనే వాచీకి అందం. ఈ లోహానికి పైపూత ఉండదు. అందులోని క్రోమియం గాలి తగలగానే కంటికి కనిపించని పొరగా ఏర్పడి తుప్పును ఆపుతుంది. మనం రుద్దితే ఆ పొర పోయినా మళ్లీ తనంతట తానే కడుతుంది. 1913లో ఇంగ్లాండులోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ ఇటువంటి ఉక్కును తయారుచేశాడు. ఆయన పుణ్యాన నా వంటివాడు ఇంట్లో కూర్చుని ధైర్యంగా వాచీకి సానపట్టవచ్చు.

మొదట వాచీ నుంచి చైను ఊడదీసి, గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, పాత టూత్ బ్రష్‌తో ఒక్కొక్క లింకూ తోమాను. ముప్పై ఏళ్లకు పైబడిన చెమటా మట్టీ కలిసి నల్లని నీరై దిగాయి. చైను ఆరాక రాణీగంజ్ నుంచి తెచ్చిన మాస్కింగ్ టేపును అద్దం మీదా, కీ చుట్టూ, వెనక మూత అతుకు మీదా జాగ్రత్తగా అంటించాను. రుద్దినప్పుడు రాలే పొడి లోపలికి పోతే పెద్దాయన చేసిన పనంతా వృథా అవుతుంది. పచ్చ స్కాచ్ బ్రైట్‌ను బల్ల మీద కదలకుండా పరిచి, చైనును దాని మీద ఒకే వైపుకు, ఒకే ఒత్తిడితో లాగాలి. ముందుకూ వెనక్కూ రుద్దకూడదు, గుండ్రంగా అసలే తిప్పకూడదు. నాలుగైదు సార్లు లాగి వెలుగులో చూసేసరికి, అడ్డదిడ్డంగా ఉన్న గీరలన్నీ పోయి, తలదువ్వినట్టు వరుసగా సన్నని గీతలు కనిపించాయి. ఆ క్షణాన నువ్వు పక్కన ఉంటే బాగుండుననిపించింది.

ఆ ఉత్సాహంలోనే పొరపాటు జరిగిపోయింది. కేసు పైభాగం చేస్తూ చేస్తూ అద్దంలాంటి పక్కభాగానికి కూడా స్కాచ్ బ్రైట్ తగిలించాను. ఒక్కసారి తగిలినందుకే వేలెడు మేర మసకబారిపోయింది. నాకు గుండె ఆగినంత పనైంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరునాడు 1000, 1500, 2000 నంబర్ల వాటర్ పేపర్లు, అంటే తడిపి రుద్దే గరుకు కాగితాలు తెచ్చి, నీటిలో తడిపి, నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది కనుక అదే వరుసలో రుద్దాను. ఒక కాగితం మిగిల్చిన గీతలు పూర్తిగా పోయేదాకా తరువాతి కాగితాన్ని ముట్టుకోకూడదు. ఈ పనిలో ఓపిక అంతా అక్కడే కావాలి. చివర లోహాలకు మెరుగుపెట్టే బ్రాసో వేసి, పాత నూలు పంచె ముక్కతో పావుగంట రుద్దితే, అందులో కిటికీ ఊచలు స్పష్టంగా కనిపించాయి.

ఇక నీ ముద్ర దగ్గరికి వస్తాను. ఆ రోజు గోల్కొండలో, కింద ఫతే దర్వాజా దగ్గర నువ్వు చప్పట్లు కొడితే కొండ మీది బాలా హిస్సార్‌లో నాకు వినిపించాలని పందెం వేసుకోవడం, తరువాత దిగుతూ నువ్వు కాలు జారి గోడను పట్టుకోవడం, నీ చేతికున్న నాన్న వాచీ లాకు రాతిని ఒరుసుకుంటూ జర్రున జారడం... ఆ చప్పుడు నాకిప్పటికీ చెవిలో ఉంది. ఆ గోడ గ్రానైటు, అందులోని పలుగురాయి ఉక్కుకన్నా గట్టిది. అందుకే గీత అంత లోతుగా దిగింది. గోరును దానికి అడ్డంగా లాగితే తట్టుకుని ఆగిపోయేది. గోరు ఆగిన గీత ఉత్త మెరుగుతో పోదు. దాన్ని పూడ్చేందుకు మన దగ్గర ఏమీ ఉండదు కనుక, చుట్టూ ఉన్న ఉక్కునే గీత అడుగు వరకూ దించాలి. లాకు చూస్తే పలుచని రేకు, పక్కనే సీకో అన్న అక్షరాలు. ఎక్కువ అరగదీస్తే అవీ పోతాయి.

అక్షరాల మీద రెండు పొరల టేపు వేసి, 400 నంబరు కాగితాన్ని చిన్న చెక్క ముక్కకు చుట్టి, గీతలు సాగే దిశలోనే మెల్లగా లాగుతూ పోయాను. వేలితో నేరుగా రుద్దితే అక్కడ గుంట పడుతుంది. చెక్క ఉంటే ఒత్తిడి సమంగా పడుతుంది. పది సార్లు లాగడం, తుడిచి గోరు పెట్టి చూడడం, మళ్లీ పది సార్లు లాగడం. మొదటి సాయంత్రం గోరు ఆగుతూనే ఉంది. రెండో సాయంత్రం తట్టుకుంటూ దాటింది. మూడో సాయంత్రం 600 నంబరు కాగితమూ చివర స్కాచ్ బ్రైటూ పట్టాక గోరు నున్నగా జారిపోయింది. దీపం ఏటవాలుగా పట్టి వెతికితే చిన్న పల్లం కనిపిస్తుంది తప్ప గీత లేదు. అక్షరాలు భద్రంగా ఉన్నాయి.

ఇది చదివి మీ నాన్నగారి హెచ్‌ఎంటీ జనతాను మాత్రం ముట్టుకోకు, దయచేసి. ఆ వాచీల్లో చాలావాటికి వెనక మూత ఒక్కటే స్టెయిన్‌లెస్ స్టీలు. కేసు ఇత్తడి మీద క్రోమియం పూత. రుద్దితే పూత పోయి పసుపు బయటపడుతుంది, దాన్ని ఇంట్లో ఎవరూ తిరిగి తేలేరు. మా ఆఫీసులో ఒకామె బంగారు రంగు వాచీ ఇస్తే కూడా ఇదే చెప్పి తిప్పి పంపాను. గిన్నెలు తోమే ఇనుప పీచు కూడా వాడకు. దాని తునకలు అంటుకుని మంచి స్టీలు మీద కూడా తుప్పు మరకలు వేస్తాయి. అద్దం మీది గీతలకు ఇవేవీ పనిచేయవు, ఆ సంగతి వేరే...

ఇప్పుడే నాన్న ఫోన్ చేశారు, బస్సు హయత్‌నగర్ దాటిందట. నేను దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి తీసుకురావాలి. రఘూ, ఇది రాస్తుండగానే ఒక విషయం తట్టింది. నాన్న ఆలోచనలో పడ్డప్పుడల్లా కుడిచేతి బొటనవేలితో ఎడమ మణికట్టు కింద ఏదో తడుముతూ ఉంటారు, నీకు గుర్తుందా? అరుగు మీద కూర్చున్నా, పేపరు చదువుతున్నా అంతే. ఆయన తడిమేది ఆ లాకునే. ఆ గీతనే. ఇన్నేళ్లూ చూస్తూ కూడా నాకు తోచలేదు. వాచీ చేతికి పెట్టుకోగానే వేలు అక్కడికే వెళుతుంది. అది ఏమైందని అడిగితే, అసలు అది ఎలా పడిందో కూడా చెప్పమంటే, నీ పేరు... బస్సు వచ్చేస్తుంది. రాత్రికి మిగతాది రాస్తాను.

నీ
శ్రీను