సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి గారికి: పదకొండు మంది యూనిట్‌కు లెక్క వేరుగా ఉండాలి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ సినిమాటోగ్రఫీ శాఖ మంత్రి గారికి,

ప్రభుత్వ స్థలాల్లో షూటింగ్‌కు కట్టే అద్దె గురించి, గుంటూరు నుంచి ఒక చిన్న సినిమాల దర్శకుడు నమస్కరించి చేసుకునే విన్నపం.

నా సినిమాలకు సెట్లు వేయను, నటించేవారిలో ఎక్కువ మంది ఆ చోట బతికే మనుషులే, యూనిట్ అంతా కలిపి 11 మందిమి. కెమెరా బయటికి తీయడానికి ముందు మూడు నాలుగు వారాలు రోజూ వెళ్లి అక్కడివాళ్ల మధ్య కూర్చుంటాం. వాళ్లు మమ్మల్ని పట్టించుకోవడం మానేశాకే షూటింగ్ మొదలుపెడతాం. మాటలను తరువాత డబ్బింగ్ చెప్పించకుండా అక్కడికక్కడే రికార్డు చేస్తాం.

కిందటి వేసవిలో ఒక కోల్డ్ స్టోరేజీ ఆవరణలో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లతో ఒక సన్నివేశం తీశాను. టిక్కీల (మిరప బస్తాల) పక్కన కూర్చుని కొడుకు పెళ్లి సంగతి చెబుతున్న ఒకావిడకు ఘాటుకు దగ్గు తెర వచ్చింది. కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, దగ్గు తగ్గాక, ఆగిన మాట దగ్గరే మళ్లీ అందుకుంది. ఆ దగ్గును ఏ రచయితా రాయలేడు. అన్ని వారాలు కూర్చున్నాకే అది మాకు దొరికింది.

రేపల్లె దగ్గరి పెదపులివర్రులో పుట్టి, గుంటూరులో చదువుకుని, మద్రాసు వాహినీ స్టూడియో సౌండ్ విభాగంలో పని నేర్చుకున్న కె.విశ్వనాథ్ గారు దర్శకుడయ్యాక కూడా సెట్లో ఖాకీ బట్టలే కట్టేవారు. 1980లో విడుదలైన ‘శంకరాభరణం’లో ప్రధాన పాత్రను ఆయన రెవెన్యూ శాఖ ఉద్యోగి, రంగస్థల నటుడు అయిన జె.వి.సోమయాజులు గారికి అప్పగించారు. మార్కెట్ ఉన్న ముఖం కోసం కాక పాత్రకు తగిన మనిషి కోసం వెతకడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఆ సన్నివేశం రెండో సగం ఒక ప్రభుత్వ గోదాములో తీయాలి. అనుమతి కోసం వెళితే, ఆ గోదాము కార్యాలయం వారు రోజుల లెక్కన అద్దె అడిగారు. కెమెరా లేకుండా ఊరికే కూర్చునే రోజులను కూడా షూటింగ్ రోజులుగానే కట్టారు. అంటే, 200 మందితో, జనరేటర్ వ్యాన్లతో వచ్చి రెండు రోజుల్లో వెళ్లిపోయే యూనిట్ కంటే, గోదాము పనికి అడ్డం రాకుండా నెల రోజులు ఒక మూల కూర్చునే మేము 15 రెట్లు చెల్లించాలి. అంత డబ్బు మా సినిమా మొత్తం బడ్జెట్‌లో లేదు.

అద్దెను మనుషుల సంఖ్యను, వాహనాలను బట్టి నిర్ణయించవలసిందిగా, కెమెరా లేని రోజులకు రుసుము మినహాయించవలసిందిగా కోరుతున్నాను. కొత్త మిరప పంట మార్కెట్ యార్డుకు వచ్చేలోగా ఉత్తర్వు వెలువడితే, ఆవిడ కొడుకు పెళ్లి సంగతి చెప్పే సన్నివేశాన్ని మేము పూర్తిగా తీయగలం.

భవదీయుడు,
ఒక దర్శకుడు, గుంటూరు