బ్లాక్ కెనరీ చేతికి మైకు ఎందుకిచ్చారంటే

హైదరాబాద్,
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావు? చెల్లెమ్మ, పిల్లలు కులాసానా? మొన్న ఫోన్లో నువ్వన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "మన బ్లాక్ కెనరీని తీసుకెళ్లి రాక్ బ్యాండ్‌లో పాటలు పాడించారా? మా చిన్నదానికి పంపడానికి నీకు ఆ పుస్తకమే దొరికిందా?" అన్నావు. నేను జవాబు చెప్పేలోపు నీకు ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. కాస్త పొడుగవుతుంది, టీ పెట్టుకుని చదువు.

నీ కోపం ఎక్కడిదో నాకు తెలుసు. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టల్లో మనం వెతికిన అమెరికన్ కామిక్స్‌లో, దుండగులతో తలపడే ఈ హీరోయిన్ ఎప్పుడు కనబడినా నువ్వు అక్కడే చదవడం మొదలుపెట్టేవాడివి. నల్ల జాకెట్, వల మేజోళ్లు, బంగారు రంగు జుట్టు. అట్టలు చిరిగినవీ, మధ్యలో పేజీలు లేనివీ కూడా కొనేవాళ్లం. అలాంటి మనిషిని ఎవరో మార్చేశారంటే మనసు ఒప్పుకోదు. మొదట నా మనసూ ఒప్పుకోలేదు. రెండోసారి చదివాక నా అభిప్రాయం పూర్తిగా మారింది.

ఒక్కసారి ఆమె కథ మొదటి నుంచీ గుర్తు తెచ్చుకో. 1947లో ఫ్లాష్ కామిక్స్ 86వ సంచికలో వచ్చింది. రాబర్ట్ కానిగర్ రాశాడు, కార్మైన్ ఇన్‌ఫాంటినో బొమ్మలు వేశాడు. జానీ థండర్ అనే ఇంకో హీరో కథలోకి పక్కపాత్రగా వచ్చి, కొన్ని నెలల్లోనే అతని పేజీలు తనవి చేసుకుంది. పగలు పూలకొట్టు నడిపే డైనా, రాత్రి బ్లాక్ కెనరీ. అప్పుడామెకు ఏ శక్తీ లేదు, ఉన్నదల్లా కొట్లాటలో నేర్పు, ధైర్యం. గోడలు బద్దలుకొట్టే ఆ అరుపు 1969లో గానీ రాలేదు. పేరులోనే పాడే పిట్ట ఉన్నా ఇరవై రెండేళ్ల పాటు ఆమె గొంతుతో ఎవరికీ పని పడలేదురా!

వచ్చిన గొంతునైనా ఉండనిచ్చారా? 1987లో మైక్ గ్రెల్ చేసిన గ్రీన్ యారో కథ నీకు గుర్తుండే ఉంటుంది, ఆమె ప్రియుడు, ఆ బాణాల హీరో. ఆమెను దుండగులు పట్టుకుని చిత్రహింసలు పెడతారు, అతను వచ్చి విడిపిస్తాడు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆమెకు ఆ అరుపు లేదు. కథలో దెబ్బ తగిలింది ఆమెకు, కోపం తెచ్చుకుని కథ నడిపింది మాత్రం అతను. చదివిన రోజు మనిద్దరం అతని బాణాల గురించే మాట్లాడుకున్నాం, ఆమె గొంతు గురించి ఒక్క మాటా అనుకోలేదు. ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది. 1996లో మొదలైన బర్డ్స్ ఆఫ్ ప్రే కథల్లో ఆమె కోలుకుంది, గొంతు కూడా తిరిగొచ్చింది. అది వేరే కథ, ఇంకోసారి రాస్తాను.

ఇక నేను పంపిన పుస్తకం, 2015లో మొదలైంది. రాసింది బ్రెండెన్ ఫ్లెచర్, బొమ్మలు ఎక్కువ భాగం యానీ వూ. డైనాకు అప్పటికి ఇల్లు లేదు, కాలిపోయింది. ఇంకో హీరోయిన్ బ్యాట్‌గర్ల్ దగ్గర తలదాచుకుంటే ఆ స్నేహమూ చెడింది. చేతిలో డబ్బు లేదు. ఒక బ్యాండ్‌లో పాడే అమ్మాయి వెళ్లిపోయి ఖాళీ ఉంటే ఆ చోటికి చేరుతుంది. అందరూ డీడీ అని పిలుస్తారు. బ్యాండ్ పేరు కూడా బ్లాక్ కెనరీయే. ఊరూరా ప్రోగ్రాములు, ప్రతి ప్రోగ్రామూ చివరికి కొట్లాటే, హాలు యజమానులు లబోదిబోమంటారు. ఇప్పుడు చెప్పు, ఆ మనిషి స్వభావంలో ఏం మారింది? ముక్కు మీద కోపం, ఎవరి కిందా ఉండలేకపోవడం, కష్టంలో ఉన్నవాళ్లను వదిలి పోలేకపోవడం అన్నీ ఉన్నాయి. మారింది ఆమె నిలబడే చోటు. ఇన్నేళ్లూ ఎవడో ఎదురుపడితేనే గొంతెత్తేది. ఇక్కడ ఎవరూ మీదికి రాకపోయినా ఎత్తుతుంది, జనం దాని కోసం టికెట్ కొనుక్కుని వస్తారు. నాకు కన్నీళ్లొచ్చినంత పనైంది అక్కడ.

పాట వినబడని పుస్తకంలో పాటను ఎలా చూపిస్తారని అడిగావు కదా. నాకూ ఇదే పెద్ద అనుమానంగా ఉండేది. యానీ వూ గీత చూడు. మైకు స్టాండును ఆమె కర్ర పట్టుకున్నట్టు పట్టుకుంటుంది, పాడుతున్నప్పుడు మెడ నరాల నుంచి కాలి మడమ దాకా ఒకే బిగువు. తన్నేటప్పుడూ అదే బిగువు. పాటా, దెబ్బా ఒకే ఒంట్లోంచి వస్తున్నాయని బొమ్మే చెబుతుంది, పక్కన మాటలు అక్కర్లేదు. రంగులు వేసిన లీ లఫ్రిడ్జ్ కూడా తక్కువ రంగులతోనే స్టేజీ లైట్ల వేడి తెప్పించాడు. రచయిత అంతటితో ఆగకుండా ఆ బ్యాండ్ పేరు మీద నిజంగానే పాటలు చేయించి విడుదల చేశాడు. గొంతు మాంట్రియల్ గాయని మిషెల్ బెన్సిమన్‌ది. ముందు పుస్తకం చదివి తర్వాత విను, ముందే వింటే నీ ఊహలో పుట్టాల్సిన గొంతు పుట్టదు.

వేషం మార్చిన ప్రతిసారీ ఇలా కుదరదని నేనూ ఒప్పుకుంటాను. డాజ్లర్ గుర్తుందా? 1980లో డిస్కో ఊపు మీద, ఒక రికార్డుల కంపెనీతో కలిసి మార్వెల్ వాళ్లు తయారుచేసిన గాయని. శబ్దాన్ని వెలుగుగా మారుస్తుంది, ఎంత అందమైన ఊహ! 1981లో ఆమె సొంత పుస్తకం మొదటి సంచిక 4 లక్షల ప్రతులకు పైగా పోయింది. కానీ డిస్కో వెళ్లిపోయాక ఆమెను ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. అక్కడ ఫ్యాషన్ ముందు పుట్టింది, మనిషి తర్వాత. స్పైడర్‌మ్యాన్ ప్రియురాలు గ్వెన్ స్టేసీ అలా కాదు. 1973లో వంతెన మీంచి పడి చనిపోయి స్పైడర్‌మ్యాన్ జీవితాంతం మోసే దుఃఖంగా మిగిలిన పిల్ల, 2014లో మరో లోకంలో సాలీడు కాటు తనకే పడి, బ్యాండ్‌లో డ్రమ్స్ వాయిస్తూ వచ్చింది. ఆ పిల్ల చేతిలో డ్రమ్ముపుల్లలు చూడగానే బతికి ఉందన్న నమ్మకం కలుగుతుంది.

కెనరీ పుస్తకంలో లోపాలు లేవా అంటే ఉన్నాయి. సగం దాటాక కుటుంబ రహస్యాలు, నింజాలు ఎక్కువై బ్యాండ్ వెనక్కి పోయింది. నాకైతే వ్యానులో ఊళ్లు తిరిగే పేజీలు ఇంకా కావాలనిపించింది. 12 సంచికలతో 2016లో ఆపేశారు. ఆ వెంటనే ఆమెను మళ్లీ గ్రీన్ యారో పక్కన నిలబెట్టారు. అదే నాకు కష్టంగా అనిపించింది.

ఇంతకీ చిన్నదానికి ఎందుకు పంపానో చెప్పలేదు కదా. డ్రమ్స్ వాయించే లార్డ్ బైరన్, కీబోర్డు పలోమా, వీళ్లతో పాటు ఆ బ్యాండ్‌లో గిటార్ వాయించే చిన్నపిల్ల ఒకతి ఉంది, పేరు డిట్టో. ఒక్క మాటా మాట్లాడదు. గిటార్ పడితే మాత్రం హాలంతా ఆమె వైపు తిరుగుతుంది. ఆ పిల్ల కోసం ఎవరెవరో వెంటపడుతుంటే డైనా బ్యాండ్ వాళ్లందరికీ దెబ్బలాట నేర్పుతుంది. నేను కాపాడతాను, మీరు నా వెనక నిలబడండి అనదు. పోయిన సంక్రాంతికి మీ ఇంటికొచ్చినప్పుడు నీ కూతురు నాతో రెండు రోజుల్లో రెండు మాటలు మాట్లాడింది. మూడో రోజు పొద్దున్న మేడ మీద ఒక్కతే గిటార్ వాయించుకుంటుంటే మెట్ల మీదే ఆగిపోయాను. నువ్వు కింద పేపర్ చదువుకుంటున్నావు. "ఎవరితోనూ కలవదురా, టెన్షన్‌గా ఉంది" అన్నావు ఆ మధ్యాహ్నం. అప్పుడే అనుకున్నాను ఈ పుస్తకం పంపాలని.

నువ్వు చదవకపోయినా పర్వాలేదు. డిట్టో వచ్చే పేజీల్లో చిన్నది ఎక్కడైనా మూల మడిచిందేమో చూసి నాకు రాయి.

నీ
మామ