గ్యాలరీలో బట్ట వేలాడదీస్తే చాలా, నేసిన వాళ్ల పేరు అక్కర్లేదా?

సంపాదకులు గారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం సంచికలో మా కోరాపుట్ జిల్లా చేనేత మీద సగం పేజీ వ్యాసం వేశారు. వెంటనే రాద్దామనుకున్నాను. ఇంతలో ఎవరైనా రాస్తారులే అని ఆగాను. ఎవరూ రాయలేదు, మీరూ సవరణ వేయలేదు.

పట్నంలో ఏదో ఆర్ట్ గ్యాలరీలో పైకప్పు నుంచి నేల దాకా వేలాడదీసిన, మా జిల్లాలోని కోట్‌పాడ్ ఊళ్లో నేసిన బట్ట, దాని ముందు నిలబడిన డిజైనర్ గారి ఫొటో, ఆవిడ ఎక్కడ చదివారు, ఆ ఆలోచన ఎలా వచ్చింది, అన్నీ వివరంగా ఉన్నాయి. ఆ బట్ట ఎవరి మగ్గం మీద దిగిందో, నూలుకు ఆ ఎరుపు ఎవరు పట్టించారో వెతికి వెతికి చూశాను. ఒక చోట ‘గిరిజన మహిళల నేత’ అని కనిపించింది. అదీ తప్పే. కోట్‌పాడ్‌లో తరతరాలుగా నేస్తున్నది మిర్గాన్ కులం నేతకారులు. చుట్టుపక్కల భత్రా, పరజా, గదబ గిరిజనులు ఆ బట్ట కట్టుకునేవాళ్లు. మా నాన్నగారి బట్టల కొట్టు జయపురంలోనే ఉండేది కాబట్టి ఈ మాత్రం తేడా మాకు చిన్నప్పుడే తెలుసు. సగం పేజీ కేటాయించిన పత్రికకు తెలియకపోతే ఎలా?

ఆ ఎరుపు డబ్బా మూత తీస్తే వచ్చేది కాదండీ. ఆల్ చెట్టు (మన వైపు తొగరు అంటారు) వేళ్లు తవ్వి, బెరడు తీసి, ఎండబెట్టి, పొడి చెయ్యాలి. అంతకు ముందే నూలు చిలపలను (నూలు చుట్టలను) ఆముదంలో, పేడ నీళ్లలో, బూడిద నీళ్లలో నానబెట్టి, పిసికి, ఎండేసి, మళ్లీ నానబెట్టి, మళ్లీ ఎండేయాలి. నూలు సిద్ధమై, రంగు తాగి, చేతికి వచ్చేసరికి దగ్గర దగ్గర నెల. వానాకాలంలో చిలపలు ఆరవు, పని ఇంకా సాగుతుంది. ఈ చాకిరీ చాలావరకు ఇంట్లో ఆడవాళ్లది. ఆ తరవాత మగ్గం మీద అంచుల్లో, కొంగులో చేపలు, పీతలు, శంఖాలు, గొడ్డళ్లు అదనపు పేకతో (అడ్డంగా వేసే నూలుతో) ఒక్కొక్కటీ చేత్తో ఎత్తుతారు. ఇంత చేసిన వాళ్లను ‘స్థానిక కళాకారుల సహకారంతో’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. సహకారం ఎవరిది? బట్ట మొత్తం వాళ్లదైతే, వేలాడదీయడం కదా ఈవిడ చేసింది!

కొత్త డిజైన్లకు నేను వ్యతిరేకిని కాను. పాత కొలతల చీరలు కట్టేవాళ్లు తగ్గిపోయారు. స్టోల్స్, దుపట్టాలు, జాకెట్లు, గోడకు తగిలించే బట్టలు కొంటున్నారు కాబట్టే కొన్ని మగ్గాలైనా ఆడుతున్నాయి. చిత్రకారులు నేతకారుల దగ్గరికి రావడం కొత్తా కాదు. 1956లో ప్రభుత్వ నేతకారుల సేవా కేంద్రాలు (వీవర్స్ సర్వీస్ సెంటర్లు) మొదలయ్యాక కె.జి. సుబ్రమణ్యన్ లాంటి వారు చేనేత బోర్డులో పనిచేశారు, ప్రభాకర్ బర్వే వారణాసి కేంద్రంలో ఏళ్ల తరబడి ఉన్నారు. అంతటి చిత్రకారులు జీతానికి కుదురుకుని చేనేత వాళ్ల మధ్య పని చేశారు. ఇప్పుడు ఫోన్‌లో ఒక బొమ్మ పంపి, ప్రదర్శన తేదీ చెప్పి, ఆ లోపు కావాలంటున్నారు. రంగు కుదరలేదంటే, ఆలస్యమైందంటే ధరలో కోత. గ్యాలరీలో ఆ బట్ట ఎంతకు పోయిందో నేసిన ఇంటికి తెలియదు. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో మూడింట రెండు వంతుల చేనేత కుటుంబాలకు నెలకు 5,000 రూపాయలు కూడా రావడం లేదని తేలింది. మీ వ్యాసం రాసినాయనకు ఈ అంకె ఎవరూ చెప్పలేదా?

జీఐ (భౌగోళిక గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని చట్టం ఇచ్చే గుర్తింపు) ఉంది కదా, రక్షణ ఉంది కదా అని మీవాళ్లు వ్యాసం చివర్లో ధైర్యం చెప్పారు. 2005లో ఒడిశా నుంచి మొదట జీఐ వచ్చింది కోట్‌పాడ్‌కే, నిజమే. కానీ ఆ చట్టం కాపాడేది పేరును. పీత బొమ్మ, చేప బొమ్మ ఎత్తుకుపోయి పాలిస్టర్ మీద అచ్చు వేసి ‘ట్రైబల్ కలెక్షన్’ అని అమ్ముకుంటే, కోట్‌పాడ్ అన్న మాట వాడనంత వరకు ఆ చట్టంతో వాణ్ణి పట్టుకోవడం కష్టం. ఇది రాయాల్సింది పోయి సర్టిఫికెట్ ఉంది, భయం లేదు అని రాస్తే చదివినవాళ్లు నమ్ముతారు.

ప్రభుత్వాలు ఏమైనా తక్కువా? ఈ మధ్య పని మీద ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్తే కిటికీలకు అచ్చం అలాంటి పీతల బొమ్మల పాలిస్టర్ పరదాలు! అసలు బట్ట అదే జిల్లాలో దొరుకుతుంటే పరదాలకు నకిలీ కావలసి వచ్చిందా? అడిగితే టెండరులో తక్కువకు కోట్ చేసినవాడికి ఇచ్చామన్నారు. ఏటా ఆగస్టు 7న చేనేత దినోత్సవం అని వేదిక కట్టి, శాలువాలు కప్పి, ఫొటోలు దిగుతారు. ఆ దినం పెట్టిన కేంద్ర ప్రభుత్వమే 2020లో అదే పండుగకు పది పదకొండు రోజుల ముందు అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేసింది. చేనేత వాళ్ల మాట ఢిల్లీలో వినిపించడానికి ఉన్న ఆ ఒక్క కుర్చీ కూడా తీసేశారు. ఏ పత్రిక గట్టిగా అడిగింది?

అన్నిటికన్నా నాకు భయం వేసేది ఆల్ చెట్టు గురించి. వేళ్లు తవ్వితే చెట్టు పోతుంది. మూడు నాలుగేళ్లు పెరిగితే గానీ వేరులో రంగు చిక్కబడదు. తవ్వినచోట మళ్లీ నాటాలని ఎవరికీ పట్టదు. మొక్కల పంపిణీ అంటే జామాయిల్, లేకపోతే టేకు. కొండ వాలు ఎక్కడ చూసినా జామాయిల్ తోటలే. 2018లో కోట్‌పాడ్ నేతకారుడు గోబర్ధన్ పనికా గారికి పద్మశ్రీ ఇచ్చారు, మాకందరికీ గర్వంగా ఉంది. ఆ పద్మశ్రీతో పాటే పంచాయతీ భూమిలో పది ఎకరాలు ఆల్ వేసి ఉంటే ఈపాటికి ఆ వేళ్లు చేతికొచ్చేవి.

1936 దాకా మా కోరాపుట్ విశాఖపట్నం జిల్లాలోదే. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. ఈ రోజుకీ ఇక్కడ మీ పత్రిక చదివే తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సరిహద్దు అవతల ఎవరో గిరిజనులు, ఏదో బట్ట అన్న ధోరణిలో రాయడం మాకు బాధగా ఉంది.

నేనడిగేది పెద్ద పనేం కాదు. ఇకపై ఏ గ్యాలరీ గురించి, ఏ ఫ్యాషన్ షో గురించి రాసినా డిజైనర్ పేరు పక్కనే నేతకారుడి పేరు, అద్దకం చేసినావిడ పేరు, ఊరి పేరు అడిగి వేయండి. నిర్వాహకులు చెప్పలేకపోతే, చెప్పలేకపోయారని వేయండి. మీ విలేకరిని ఒకసారి ఇటు పంపండి. విజయనగరం నుంచి రాయపూర్ వెళ్లే జాతీయ రహదారి మీదే, జయపురం దాటి బొరిగుమ్మ తరవాత కోట్‌పాడ్ వస్తుంది. వానలు వెళ్లాక, చిలపలు ఎండేసే రోజుల్లో వస్తే పని మొత్తం కళ్లారా చూడవచ్చు. వ్యాసంలో తప్పుగా వేసిన ‘గిరిజన మహిళల నేత’ అన్న మాటకు సవరణ మాత్రం అందాకా ఆపకండి, వచ్చే ఆదివారమే వేయండి.

ఇట్లు,
ఒక పాత చందాదారు,
జయపురం, కోరాపుట్ జిల్లా, ఒడిశా.