దొడ్డమ్మ గొంతు వెనక్కి తెచ్చిన జగదీశ్ మార్కెట్ తమ్ముడికి

రాత్రి ఒంటిగంట దాటింది. పదకొండు రోజుల తిరుగుడు ఇవాళ్టితో అయింది. ఇప్పుడే రాయకపోతే ఎవరినైనా మర్చిపోతానని కూర్చున్నాను. దొడ్డమ్మ ఫోన్‌లోంచి 3,212 వాయిస్ మెసేజ్‌లు బయటికొచ్చాయి. రెండంటే రెండే తెరుచుకోవడం లేదు.

మా కుటుంబం కానివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. మాది అమలాపురం దగ్గర ఊరు. మా వాట్సాప్ గ్రూపులో 63 మందిమి ఉన్నాం. ఊళ్లో ఉన్నది పదిమందే. మిగతావాళ్లం హైదరాబాద్, ఖరగ్‌పూర్, కువైట్, డల్లాస్. రోజూ పొద్దున్న ఏడింటికి దొడ్డమ్మ ఒక వాయిస్ పెట్టేది, నిమిషంన్నరకి మించదు. ఏడే ఎందుకంటే, డల్లాస్‌లో ముందురోజు రాత్రి భోజనాల వేళ, కువైట్‌లో తెల్లవారుజామున డ్యూటీకి లేచే వేళ. మొదట తిథి, వారం. తర్వాత ఎవరికి ఒంట్లో బాగాలేదు, ఎవరికి సంబంధం కుదిరింది, ఎవరింట్లో నీళ్లు పోశారు. ఆ తర్వాత ఊరు: కాలవకి నీళ్లు వదిలారా, కొబ్బరి దింపు ఎప్పుడు, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఏ ఊరి ప్రభ ఎంత ఎత్తున వెళ్లింది. వరద రోజుల్లో ధవళేశ్వరం దగ్గర గోదావరి మట్టం చెప్పకుండా ముగించేది కాదు. 11.75 అడుగులయితే మొదటి హెచ్చరిక, 13.75 రెండోది, 17.75 మూడోది. గోదావరి లంకలో ఉన్న చిన్నాన్నగారింట్లో సామాను ఎప్పుడు అటక మీదికి ఎక్కించాలో డల్లాస్‌లో ఉన్నవాడికి కూడా తెలిసేది. చావు కబురు మాత్రం ఎప్పుడూ గ్రూపులో ముందు పెట్టలేదు. రక్తసంబంధీకులకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, అందరికీ అందిందని తెలిశాకే గ్రూపులో చెప్పేది. ఈ పద్ధతి ఎవరూ ఆవిడకి నేర్పలేదు.

కిందటి నెల పశువుల కొట్టం దగ్గర పక్షవాతం వచ్చి పడిపోయింది. చేతిలో ఉన్న ఫోన్ కుడితి గోలెంలో పడింది. ప్రాణం నిలిచింది. మాట రావడం లేదు.

ఆ వాయిస్‌లు గ్రూపులో అందరి ఫోన్లలోనూ ఉంటాయి కదా అని అందరూ అడిగారు. మేమూ అలాగే అనుకున్నాం. లేవు. గుడ్ మార్నింగ్ బొమ్మలూ పెళ్లి వీడియోలూ నిండిపోయి ఒక్కొక్కరూ ఎప్పుడో ఒకప్పుడు గ్రూపు మీడియా మొత్తం తుడిచేశారు. కొంతమంది ఫోన్ మార్చినప్పుడు బ్యాకప్ తేలేదు. వాట్సాప్ వాళ్ల సర్వర్‌లో దొరుకుతాయనుకుంటే, అందిన మెసేజ్ అక్కడ ఉండదు, అందనిది కూడా 30 రోజులే ఉంటుంది. దొడ్డమ్మ గూగుల్ బ్యాకప్ 2024లోనే ఆగిపోయింది. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్‌ని ఉచిత 15 జీబీలో లెక్కపెట్టడం మొదలయ్యాక ఆవిడ ఖాతా నిండిపోయింది. నిండిందని వచ్చే నోటీసు ఆవిడ చదవలేదు, మేము చూడలేదు. కాబట్టి ఉన్నదల్లా ఆ తడిసిన ఫోనే.

ఆ ఫోన్‌కి మావాళ్లు ప్రేమకొద్దీ రెండు తప్పులు చేశారు. నాలుగు రోజులు బియ్యంలో పెట్టారు. ఆరిందనుకుని రెండుసార్లు ఛార్జింగ్ పెట్టారు. లోపల బోర్డు మీద రేకు మూతలుంటాయి, వాటి కింద చేరిన తడిని బియ్యం లాగలేదు. పైగా కుడితి అంటే మంచినీళ్లు కాదు. తవుడు, కడుగు, ఉప్పు. ఆ తడిలో కరెంటు పారితే రాగి గీతలు గంటల్లో తినేసుకుపోతాయి. ఫోన్ నీళ్లలో పడితే ఆన్ చేయకండి, ఛార్జర్ దగ్గరికి కూడా తీసుకెళ్లకండి. ఆపి, సిమ్ ట్రే లాగేసి, అదే రోజు బాగుచేసేవాళ్లకి ఇవ్వండి.

అమలాపురంలో ఒకచోట బోర్డు పోయిందన్నారు. హైదరాబాద్‌లో ఇంకోచోట, సాఫ్ట్‌వేర్ కొత్తగా ఎక్కిస్తే (ఫ్లాష్ కొట్టడం అంటారు) ఆన్ అవుతుంది, ఇవ్వండి అన్నారు. మేము ఇచ్చేసేవాళ్లమే. ఆ మధ్యాహ్నం ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో, మంచినీళ్ల సీసా కొనడానికి ఆగిన చోట, పక్కన చిన్న బల్ల వేసుకుని కూర్చున్న అబ్బాయి మా మాటలు విని, "అక్కా, ఫ్లాష్ మాత్రం కొట్టియ్యకుండ్రి, లోపల ఉన్నదంతా పోతది" అన్నాడు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి తమ్ముడు అనే రాస్తాను.

అతను చెప్పిన కారణం అందరికీ పనికొస్తుంది. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్లలో మెమరీ మొత్తం తాళం వేసి ఉంటుంది. తాళంచెవి ఆ బోర్డు మీది ప్రాసెసర్‌తో ముడిపడి ఉంటుంది. మెమరీ చిప్పు ఒక్కటే ఊడదీసి వేరే ఫోన్‌లో పెడితే అర్థంకాని అక్షరాలే వస్తాయి. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే తాళంచెవే పోతుంది, ఆ తర్వాత ఎవ్వరూ ఏమీ చేయలేరు. అంటే ఫోన్ బాగుపడక్కర్లేదు. అదే బోర్డు ఒక్క గంట బతికితే చాలు.

వెనక మూత వేడిచేసి తీశాడు. ముందు బ్యాటరీ కనెక్టర్ విప్పాడు. రేకు మూతలు లేపితే కింద పచ్చగా, తెల్లగా తుప్పు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోసి మెత్తటి బ్రష్‌తో కడిగి, అల్ట్రాసోనిక్ తొట్టిలో వేశాడు. తీసి ఆరబెట్టి, మళ్లీ వేశాడు. మీటర్ పెడితే బ్యాటరీ లైను నేరుగా గ్రౌండ్‌కి షార్ట్. అది ఎక్కడుందో కనిపెట్టడానికి బోర్డు మీద రోజిన్ (టంకం వేసేటప్పుడు వాడే జిగురు) పొగ పట్టించాడు, తెల్లటి పొరలా పరుచుకుంది. పవర్ సప్లై నుంచి చాలా తక్కువ వోల్టేజ్ ఎక్కిస్తే షార్ట్ అయిన చోట వేడెక్కి ఆ పొర కరుగుతుంది. కరిగింది ఆవగింజలో సగం లేని ఒక కెపాసిటర్ దగ్గర. దాన్ని పీకేశాడు. అది లైన్‌ని నిలకడగా ఉంచడానికి పెట్టింది, అలాంటివి పక్కన ఇంకా ఉంటాయి, ఇది లేకపోయినా నడుస్తుందన్నాడు. ఛార్జింగ్ ఫ్లెక్స్, అంటే ఛార్జర్ పిన్ను పెట్టే చోటుండే పల్చటి పట్టీ, కొత్తది వేశాడు. స్క్రీన్ పోయింది కాబట్టి తన దగ్గరున్న పాత స్క్రీన్ తాత్కాలికంగా తగిలించాడు. రెండో రోజు సాయంత్రం కంపెనీ బొమ్మ వెలిగింది.

వెలిగాక ప్యాటర్న్ అడిగింది. ఫోన్ ఆఫ్ అయి లేచాక మొదటిసారి వేలిముద్రతో తెరుచుకోదు, పిన్నో ప్యాటర్నో ఇవ్వాల్సిందే. దొడ్డమ్మ చెప్పలేదు, కుడిచెయ్యి కదలదు. నాలుగుసార్లు తప్పు గీశాం. అప్పుడు పక్కింటి తొమ్మిదో తరగతి పిల్లకి ఫోన్ చేస్తే, "పై వరస ఎడమ నుంచి కుడికి, ఏటవాలుగా కిందికి, మళ్లీ కుడికి. నేనే పెట్టిచ్చానండీ మామ్మగారికి" అంది. తెరుచుకుంది.

తమ్ముడు ఫైళ్లు నిజంగా ఉన్నాయో లేదో చూడటానికి ఒక్కటి తెరిచాడు. "ఒరేయ్ పిల్లలూ, ఇవాళ దశమి, గురువారం" అని దొడ్డమ్మ గొంతు ఆ బల్ల మీద వినిపించింది. అతను హాట్ ఎయిర్ మిషన్ ఆపేశాడు, ఆ హోరులో మాకు వినపడదని. ఆపి లేచి నిలబడ్డాడు. వాయిస్ అయిపోయాక రెండోది నొక్కలేదు. తన జేబులోంచి ఇయర్‌ఫోన్లు తీసి, గుడ్డతో తుడిచి, ఫోన్‌కి పెట్టి, స్క్రీన్ మావైపు తిప్పాడు. "మిగతావి మీ ఇంటి ముచ్చట్లు అక్కా. నేను వినొద్దు" అని పక్కకి తిరిగి కూర్చున్నాడు.

ఆసుపత్రిలో రాని ఏడుపు అక్కడ వచ్చింది. ఇన్ని రోజుల్లో ఎంతమందిని కలిశామో. అవి మా ఇంటి మాటలని, వాటికో మర్యాద ఉందని గుర్తించినవాడు అతనొక్కడే. ఛార్జింగ్ ఫ్లెక్స్‌కి 350 తీసుకున్నాడు, రెండు రోజుల పనికి ఏమీ తీసుకోలేదు. ఎంత బతిమాలినా, "మామ్మ మాట్లాడినంక మిఠాయి తెండ్రి" అన్నాడు.

వాయిస్‌లు ఎక్కడుంటాయో చాలామందికి తెలియదు. ఆండ్రాయిడ్ ఫోల్డర్, అందులో మీడియా, అందులో కామ్ డాట్ వాట్సాప్, వాట్సాప్, మళ్లీ మీడియా, చివర వాట్సాప్ వాయిస్ నోట్స్. అందులో ఏడాది, వారం సంఖ్య కలిపి పేరు పెట్టిన ఫోల్డర్లు: 2022లో 28వ వారమైతే 202228. ఫైలు పేరులోనే తేదీ ఉంటుంది. కంప్యూటర్‌కి కేబుల్ పెట్టి ఫోల్డర్ మొత్తం కాపీ చేయాలి. ఒక్కొక్కటీ వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేస్తే తేదీలు మారిపోతాయి. ఆ రెండో మీడియా ఫోల్డర్ పక్కనే డేటాబేసెస్ అనే ఫోల్డర్‌లో చాట్ రాతల బ్యాకప్ ఉంటుంది. రోజూ తెల్లవారుజామున రెండింటికి తయారవుతుంది, ఇటీవలి ఏడు రోజులవి మాత్రమే మిగులుతాయి. దాన్ని కొత్త ఫోన్‌లో తెరవాలంటే అదే నంబర్ కావాలి. మాకు అసలు నరకం అక్కడ మొదలైంది.

దొడ్డమ్మ సిమ్ పాతకాలం పెద్ద సిమ్‌ని కత్తిరించి చిన్నది చేసింది. ట్రే లాగుతుంటే చిట్లింది. కొత్తది ఇమ్మని సిమ్ కంపెనీ వాళ్ల దగ్గరికి వెళితే మనిషే రావాలన్నారు. మనిషి మంచం మీద ఉందని డాక్టరు కాగితం చూపించాం, ఆధార్ చూపించాం. మనిషే రావాలి. చక్రాల కుర్చీలో తీసుకెళ్లాం. వేలిముద్ర పడలేదు. నలభై ఏళ్లు పేడ ఎత్తి, కొబ్బరి పీచు తీసిన వేళ్లవి, గీతలు అరిగిపోయాయి. మూడుసార్లు నొక్కించి, రేపు రండి అన్నారు. మాట రాని మనిషిని ఎండలో రెండుసార్లు తిప్పాం. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే, తెలుగు కోసం ఒకటి నొక్కి, ఇంకేదో నొక్కి, చివరికి మళ్లీ మొదటికే. ఇంటికొచ్చి చేసే సౌకర్యం ఉందని ఒక్కరూ చెప్పలేదు, చివరికి వాళ్ల ఇంకో శాఖలోని ఒకాయన చెబితే తెలిసింది. పెద్దవాళ్లు, మంచాన పడ్డవాళ్లు దేశంలో మా ఇంట్లోనే ఉన్నారా? ఈ ఒక్క మాట గోడ మీద రాసి అంటించడానికి ఎంత కాగితం కావాలి?

సిమ్ వచ్చాక కూడా ఇంకోటి చెప్పలేదు. కొత్త సిమ్ మార్చినప్పుడు మోసాలు జరక్కుండా 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపుతారు. నియమం మంచిదే. చెప్పాలి కదా! తెలియక ఓటీపీ మళ్లీ మళ్లీ అడిగాం, అడిగినకొద్దీ వాట్సాప్ ఆగమనే సమయం పెరిగిపోయింది. దానికీ తమ్ముడే దారి చెప్పాడు, రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్‌లో: గడువు అయ్యేదాకా ముట్టుకోవద్దు, తర్వాత ఎస్సెమ్మెస్ కాకుండా కాల్ ద్వారా కోడ్ అడగండి. కాల్ వచ్చింది. నంబర్ నిలబడింది. 120 రోజులు ఎవరూ తెరవకపోతే ఖాతా పోయి ఆవిడ గ్రూపులోంచి కూడా పోయేది.

అన్నయ్య, వదిన, చిన్నత్త, పిల్లలు ఆసుపత్రి దగ్గర వంతులేసుకుని ఉన్నారు. వాళ్లకి ఇక్కడ థాంక్స్ చెబితే తిడతారు.

మీ ఇళ్లల్లో కబుర్లు చెప్పే పెద్దవాళ్లుంటే ఈ ఆదివారమే చూడండి. వాళ్ల గూగుల్ ఖాతా నిండిందా, చివరి బ్యాకప్ ఏ తేదీది. గ్రూపులో డిసప్పియరింగ్ మెసేజెస్ (కొన్నాళ్లకి మెసేజ్‌లు వాటంతటవే పోయే సెట్టింగ్) ఎవరైనా ఆన్ చేశారా. మామూలు సెట్టింగ్‌లో గ్రూపులో ఎవరైనా చేసేయగలరు. ప్యాటర్న్ ఒక కాగితం మీద గీసి బీరువాలో పెట్టండి. సిమ్ ఎవరి పేరున ఉందో తెలుసుకోండి, మీ పేరున ఎన్ని నంబర్లున్నాయో ప్రభుత్వ వెబ్‌సైట్ సంచార్ సాథీలో కనిపిస్తాయి. కత్తిరించిన సిమ్ అయితే మనిషి తిరగగలిగినప్పుడే మార్పించండి. శుభోదయం బొమ్మలకి వేరే గ్రూపు పెట్టి, కబుర్ల గ్రూపుని కబుర్లకే ఉంచండి. చాట్ ఎక్స్‌పోర్ట్ చేస్తే మీడియాతో కలిపి ఇటీవలి పదివేల మెసేజ్‌లే వస్తాయి, దాన్ని నమ్ముకోవద్దు, ఫోల్డర్ కాపీ చేసుకోండి.

అయ్యో, పక్కింటి పిల్ల గురించి పైన రాశాను కానీ థాంక్స్ చెప్పలేదు. బంగారుతల్లీ, నీ ప్యాటర్న్ లేకపోతే ఇదంతా వృథా. గోలెంలో చెయ్యి పెట్టి ఫోన్ వెతికి తీసిన పాలేరు బాబాయికి. రాత్రి బస్సులో ఫోన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని తెచ్చిన అమలాపురం అబ్బాయికి. టాబ్ పట్టుకుని ఇంటికొచ్చి, దొడ్డమ్మ వేళ్లకి కొబ్బరినూనె రాసి తుడిచి ఓపిగ్గా ముద్ర తీసుకున్న ఆ ఇంకో శాఖ ఆయనకి, ఈయన్ని ఎలా మర్చిపోయాను! లాప్‌టాప్ ఇచ్చిన కింది ఫ్లోర్ వాళ్లకి. ఫిజియోథెరపీ అమ్మాయికి.

కువైట్ చెల్లీ, 2022 జూలై వరద రోజులవి 202228, 202229 ఫోల్డర్లలో ఉన్నాయి, నీకు పంపేశాను. అన్నయ్య నిన్న అందులో ఒకటి దొడ్డమ్మకి వినిపించాడు. ధవళేశ్వరం మట్టం చెప్పే చోట ఎడమచేత్తో మూడు వేళ్లు చూపించిందట.