అటక మీది పెట్టె దింపించు

అమలాపురం,
కార్తీక శుద్ధ ద్వాదశి.

ప్రియమైన మిత్రుడికి,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. మనవళ్ల చదువుల గురించి, వరికోతల గురించి, పాలకొల్లులో మీ వీధి చివర వేస్తున్న రోడ్డు గురించి తీరుబడిగా రాసి, చిట్టచివర ఒక్క వాక్యంలో ‘ఆ సీప్యాప్ మిషను నావల్ల కాలేదు, పెట్టెలో సర్ది అటక మీద పెట్టించేశాను, నిద్ర పట్టడానికి రాత్రిపూట ఒక మాత్ర వేసుకుంటున్నాను’ అని ముగించావు. మిగతా ఉత్తరాన్ని ఒకసారి చదివాను, ఆ వాక్యాన్ని మాత్రం నాలుగుసార్లు చదివాను. ఎందుకంటే నీలాగే నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకు, రాత్రంతా మాస్కు ద్వారా గాలి ఊదే ఆ మిషనునే వాడిన నేనూ సరిగ్గా ఆ పనే చేశాను, చేసి నీకు చెప్పకుండా దాచాను. 22 రాత్రులు అవస్థపడి, 23వ రాత్రి మాస్కు ఊడదీసి మంచం కింద పడేసి, ఏడు నెలల పాటు దాని మొహం చూడలేదు. మళ్లీ మొదలుపెట్టి ఈ నెలకు పదమూడు నెలలయింది. ఆ ఏడు నెలల్లో ఏం జరిగిందో, ఎలా తిరిగి వచ్చానో నీకు వివరంగా రాయాలని ఈ ఉదయం కాఫీ తాగగానే కూర్చున్నాను.

ముందు ఆ మాత్ర సంగతి. అదేం మాత్రో నువ్వు రాయలేదు. కొన్ని రకాల నిద్రమాత్రలు, మద్యం కూడా, గొంతులోని కండరాలను మరింత సడలిస్తాయి, ఊపిరి ఆగినప్పుడు మనల్ని మేలుకొలపవలసిన మెదడును మందగింపజేస్తాయి. నీకై నువ్వు ఒక్కసారిగా మానేయకు, అదీ మంచిది కాదు. కానీ ఈ వారంలోనే డాక్టరుగారి దగ్గరికి వెళ్లి, నీకు నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నదనీ, మిషను వాడటం మానేశావనీ స్పష్టంగా చెప్పి, ఆ మాత్ర వేసుకోవచ్చునా అని అడుగు. బీపీకి మూడు రకాల మాత్రలు వేసుకుంటున్నా దిగడం లేదని పోయిన ఉత్తరంలో రాశావు కదా, అది కూడా చెప్పు. మందులకు లొంగని రక్తపోటు వెనుక చాలామందిలో ఈ జబ్బే ఉంటుంది.

ఈ జబ్బు ఏమిటో నాకు సరిగ్గా అర్థమైంది డాక్టరుగారి గదిలో కాదు, కాలువ గట్టు మీద. మనం ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేసవిలో కాలువలు కట్టేసేటప్పుడు, నీటిని ఒక్కసారిగా దించవద్దని పెద్ద ఇంజనీరుగారు ఎన్నిసార్లు హెచ్చరించేవారో నీకు గుర్తుండే ఉంటుంది. కాలువ నిండుగా పారుతున్నంత కాలం ఆ నీరే గట్టును ఆనుకొని నిలబెడుతుంది. నీరు గబగబా తీసేస్తే, నాని ఉన్న నల్లరేగడి గట్టుకు ఆసరా పోయి, రాత్రికి రాత్రి లోపలికి జారిపోతుంది. మన గొంతు కూడా అటువంటిదే. మెలకువగా ఉన్నప్పుడు కండరాలు దాన్ని తెరిచి ఉంచుతాయి. నిద్రలో అవి సడలిపోయి, ఊపిరి పీల్చుకునే ఈడ్పుకు గొంతు గోడలు లోపలికి కూలి దారి మూసుకుపోతుంది. మిషను పంపే గాలి, కాలువలో నీరు చేసే పనే చేస్తుంది. అది ఊపిరి పోయదు, ఊపిరి మనమే తీసుకోవాలి, అది గట్టు జారకుండా ఆపుతుంది అంతే. ఇంకొక్క మాట చెబితే నువ్వు సంతోషిస్తావు. ఆ గాలి ఒత్తిడిని కొలిచేది సెంటీమీటర్ల నీటిలోనే. మిషను 4 నుంచి 20 దాకా ఇవ్వగలదు, నాకు 11 పెట్టారు. గేజి పలక మీద చూస్తే అది జానెడులో సగం నీరు. ముప్పై ఏళ్లు అడుగుల లెక్కన నీటిమట్టాలు చదివిన నేను, ఆ సగం జానెడు నీటికి భయపడి పారిపోయానని, అది తెలిసిన రోజు నిజంగా బాధ కలిగింది.

నా స్లీప్ స్టడీ, అంటే నిద్రపోతుండగా ఊపిరిని కొలిచే పరీక్ష, కాగితం ఇప్పుడు నా ముందే ఉంది. 10 సెకన్లు, అంతకుమించి గాలి ఆగితే దాన్ని ఒక ఆగుడుగా లెక్కవేస్తారు. పూర్తిగా ఆగినవీ, సగం ఆగినవీ కలిపి గంటకు 5 నుంచి 15 దాకా ఉంటే కొద్దిపాటి జబ్బు, 15 నుంచి 30 దాకా మధ్యరకం, 30 దాటితే తీవ్రమైనది. నాకు గంటకు 38. ఏడు గంటల నిద్రకు లెక్కకడితే 266 సార్లు. రక్తంలో ఆక్సిజన్ 74 శాతానికి పడిపోయింది. ఈ అంకెలన్నీ మిషను కొనేనాడే నా చేతిలో ఉన్నాయి, అయినా మానేశాను. అంకెలు మనిషిని కదిలించవు మిత్రమా, నన్ను కదిలించినవి వేరు.

మొదటిది, మనవరాలిని బడి నుంచి స్కూటరు మీద తీసుకువస్తున్న ఒక మధ్యాహ్నం. కాలువ గట్టు రోడ్డు, కొబ్బరి చెట్ల నీడ, ఎదురుగా ఎవరూ లేరు. ఎంతసేపు రెప్పలు మూశానో నాకు తెలియదు, ‘తాతయ్యా, నీళ్లు!’ అని ఆ పిల్ల నా చొక్కా పట్టుకుని గట్టిగా లాగేసరికి ముందు చక్రం గడ్డి అంచు దాటి వాలు మీదికి దిగింది. కాలు మోపి ఆపగలిగాను. ఆ తర్వాత ఇంటి దాకా బండి నడిపించుకుంటూ వచ్చాను. ఇంట్లో ఎవరికీ చెప్పవద్దని పిల్లకు చెప్పాలనిపించింది, కానీ నోరు రాలేదు.

ఆ రాత్రి మా ఆవిడ పక్కన కూర్చుని చెప్పినది రెండవది. ‘ఏవండీ, మీరు మిషను మానేసిన దగ్గర్నుంచి నేను నిద్రపోవడం లేదండి. గురక పెడుతున్నంతసేపూ ధైర్యంగానే ఉంటుంది, గురక ఆగిపోతే ఒకటి, రెండు అని లెక్కపెడతాను. ముప్పై వస్తే భుజం తడతాను. ఒక రోజు ముప్పై నాలుగు దాకా వెళ్లింది, తట్టినా మీరు కదల్లేదు’ అంది. అన్నం వడ్డిస్తూ బియ్యం అయిపోయాయని చెప్పినంత మామూలుగా చెప్పింది. నేను నిద్రపోవడం లేదని బాధపడుతున్నాను గానీ, నా ఊపిరి లెక్కపెడుతూ ఇంకొక మనిషి నా పక్కనే ఏడు నెలలుగా మేలుకొని ఉన్నదని నాకు తోచనే లేదు. చెల్లెమ్మ కూడా లెక్కపెడుతూ ఉంటుంది. అడిగి చూడు.

మర్నాడే కాకినాడ వెళ్లి డాక్టరుగారికి అంతా ఒప్పుకున్నాను. ఆయన కోప్పడలేదు. మానేసినవాళ్లు మళ్లీ రావడం మామూలేనని, మానడానికి కారణం ఏమిటో ముందు పట్టుకోవాలని అన్నారు. నాకు మిషను అమ్మిన మనిషి మొదటిసారి పావుగంటలో ఏవో మీటలు నొక్కి చూపించి వెళ్లిపోయాడు, ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. ఈసారి డాక్టరుగారు పంపిన టెక్నీషియను కుర్రవాడు మాత్రం రెండు గంటలు మా ఇంట్లో కూర్చున్నాడు. ఆ రెండు గంటల్లో తెలిసినవి నీకు చెప్పాలి, ఎందుకంటే నువ్వు రాసిన ఇబ్బందుల్లో సగం అవే.

మాస్కు పెట్టుకోగానే ఊపిరి ఆడనట్టు ఉంటుందని నువ్వు రాశావు. నాకూ అంతే, గాలి మరీ ఎక్కువై అలా అవుతోందని నమ్మాను. అసలు సంగతి తలకిందులు. నిద్ర పట్టేలోగా ఒత్తిడిని మెల్లగా పెంచే ర్యాంప్ అనే ఏర్పాటు ఉంటుంది, దాన్ని 4 దగ్గర మొదలయ్యేటట్టు వదిలేశారు. మెలకువగా ఉన్న మనిషికి ఆ 4 చాలదు, అందుకే ఉక్కిరిబిక్కిరి. ఆ కుర్రవాడు డాక్టరుగారితో ఫోనులో మాట్లాడి దాన్ని 6 చేశాడు. గాలి వదిలేటప్పుడు ఒత్తిడి కాస్త తగ్గే ఏర్పాటు కూడా పెట్టాడు. పది నిమిషాల్లో ఛాతీ మీద బరువు దించినట్టయింది.

ఇక గాలి కారడం. అర్ధరాత్రి మాస్కు అంచు నుంచి గాలి కంట్లోకి కొట్టేది. నేను పట్టీలు బిగించేవాణ్ణి, తెల్లారేసరికి ముక్కు మీద ఎర్రని గాడి పడేది, అయినా కారేది. ఆ కుర్రవాడు మాస్కు అంచున మొహానికి ఆనే మెత్తటి కుషన్‌ను దీపం దగ్గర పట్టుకొని చూసి, వేలితో రాసి, ‘మీరు కొబ్బరినూనె రాసుకుంటారాండి?’ అని అడిగాడు. కోనసీమలో పుట్టినవాడిని ఆ ప్రశ్న అడగాలా! రోజూ సాయంత్రం స్నానం చేసి తలకీ మొహానికీ నూనె రాసుకోవడం మా నాన్నగారి కాలం నుంచీ మా ఇంటి అలవాటు. ఆ నూనె సిలికాన్ కుషన్‌ను జారేటట్టు చేస్తుంది, మెల్లమెల్లగా మెత్తబరిచి పాడుచేస్తుంది కూడా. నా కుషన్ అంచు జిడ్డుగా, పసుపచ్చగా, సాగిన రబ్బరులా ఉంది. ఇప్పుడు నూనె పొద్దుటిపూట రాసుకుంటున్నాను, పడుకునే ముందు సబ్బుతో మొహం కడుక్కుంటున్నాను. కుషన్‌ను రోజూ ఉదయం పసిపిల్లల సబ్బునీళ్లతో కడిగి నీడన దండెం మీద ఆరేస్తాను, ఎండ తగలనివ్వను. పట్టీలు కూర్చొని బిగించకూడదట. పడుకొని, మిషను నడుస్తూ ఉండగా, ఏ పక్కకు తిరిగి నిద్రపోతామో ఆ పక్కకు తిరిగి, గాలి కారడం ఆగేంత వరకే, అంతకు ఒక్క నొక్కు కూడా ఎక్కువ కాకుండా సరిచేసుకోవాలి. బిగించినకొద్దీ కుషన్ ఉబ్బడానికి చోటు లేక మరింత కారుతుంది. నీకు నోరు తెరుచుకొని నిద్రపోయే అలవాటు మన క్వార్టర్ల రోజుల నుంచీ ఉంది. నీకు ఇచ్చింది ముక్కుకు మాత్రమే పెట్టుకునే మాస్కయితే గాలంతా నోట్లోంచి పోయి, నువ్వు రాసినట్టు నాలుక అట్టలా ఎండిపోతుంది. ముక్కూ నోరూ కలిపి మూసే మాస్కు నీకు కావాలేమో అడుగు.

మిషనులో గాలికి తేమ పట్టించే నీళ్ల తొట్టెలో బోరు నీళ్లు పోయవద్దు. మా వైపు బోరు నీళ్లు ఉప్పన, నెల తిరక్కుండా తొట్టె అడుగున తెల్లటి పొర కట్టింది. డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకో, రోజూ మార్చు. పుష్య మాసం చలిలో ట్యూబులో నీరు చేరి గుడగుడమంటుంది, అప్పుడు తేమ కాస్త తగ్గించుకొని ట్యూబును దుప్పటి కిందుగా పెట్టుకుంటే సరిపోతుంది. కరెంటు పోతే మిషను ఇన్వర్టరు మీద నడుస్తుంది. నీళ్లు వేడిచేసేదే ఎక్కువ కరెంటు తింటుంది కాబట్టి, గాలివానలు పట్టిన రాత్రుల్లో దాన్ని ఆపేసి గాలి మాత్రం నడిపిస్తాను.

అన్నిటికంటే నాకు ఉపకరించినది చాలా చిన్న పని. రోజూ సాయంత్రం అరుగు మీద పేపరు చదువుతూ అరగంట సేపు మాస్కు పెట్టుకొని కూర్చునేవాణ్ణి. మెలకువలో అలవాటు కానిది నిద్రలో అలవాటు కాదు. మొదట్లో వీధిలో వెళ్లేవాళ్లు ఆగి అడిగేవారు, చెప్పాను. మనవరాలు వచ్చి ట్యూబు మీద చెయ్యి వేసి, ‘తాతయ్యా, నీ గాలి వెచ్చగా ఉంది’ అంది. మొదటి మూడు వారాలు అర్ధరాత్రి తెలియకుండానే మాస్కు లాగేసేవాణ్ణి, మెలకువ వచ్చినప్పుడు మళ్లీ పెట్టుకునేవాణ్ణి. ఒక రాత్రి రెండు గంటలు, ఒక రాత్రి నాలుగు. దాన్ని ఓటమిగా లెక్కపెట్టవద్దని డాక్టరుగారు ముందే చెప్పారు.

ఈ మిషను పుట్టుక గురించి కూడా తెలుసుకున్నాను. 1980లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కాలిన్ సలివన్ అనే వైద్యుడు, ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనరు మోటారుతో గాలిని ఊదించి మొదటి రోగికి దీన్ని వాడి చూశాడు, 1981లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రకటించాడు. అంతకుముందు ఈ జబ్బు ముదిరినవాళ్లకు గొంతుకు రంధ్రం చేయడమే దారి. తొలినాళ్లలో మాస్కును ప్రతి రాత్రీ ముక్కుకు జిగురుతో అతికించుకునేవారట. ఆ మనుషుల ఓపికకు నాకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

ఇప్పుడు నా మిషను తెరమీద ఆగుళ్లు గంటకు 2, ఒక్కోరోజు 3 అని చూపిస్తోంది. పొద్దున్నే వచ్చే తలనొప్పి పోయింది. రాత్రి నాలుగుసార్లు లేచేవాణ్ణి, అది వయసు వల్ల అనుకున్నాను. మూసుకున్న గొంతుతో ఊపిరికి పెనుగులాడినప్పుడు గుండె సాగి, ఒంట్లో నీరెక్కువైందని పొరబడి, మూత్రాన్ని పెంచే హార్మోనును వదులుతుందట. ఇప్పుడు ఒక్కసారి లేస్తే ఎక్కువ. బరువు కూడా తగ్గించుకోమన్నారు, ఆరు కిలోలు తగ్గాను, ఇంకా తగ్గాలి. ఇది జబ్బును నయం చేసే మందు కాదు, పెట్టుకున్న రాత్రికే పనిచేస్తుంది. పెళ్లికి వెళ్లి రెండు రాత్రులు మానేస్తే మూడోనాటికి మా ఆవిడ మళ్లీ లెక్క మొదలుపెట్టింది. అందుకే ఇప్పుడు ఏ ఊరు వెళ్లినా సంచీలో బట్టలకంటే ముందు మిషను సర్దుతాను.

వచ్చే శనివారం పొద్దుటి బస్సుకు బయలుదేరి, రాజోలు మీదుగా చించినాడ వంతెన దాటి మధ్యాహ్నానికల్లా మీ ఇంటికి వస్తాను. ఆ రాత్రి అక్కడే పడుకుంటాను, నా మిషను కూడా తెస్తాను. నీ పెట్టె అప్పటికి అటక మీద నుంచి దింపించి, ట్యూబూ మాస్కూ కడిగించి ఆరబెట్టించు, ఫిల్టరు నల్లబడితే పారేయి. నీ మీటలు నేను ముట్టుకోను, అవి మార్చవలసింది డాక్టరుగారు. పట్టీలు మాత్రం ఇద్దరం కలిసి సరిచేసుకుందాం. ఆ ఒక్క రాత్రి చెల్లెమ్మను వేరే గదిలో తలుపు వేసుకొని నిద్రపొమ్మను, లెక్క నేను పెడతాను. మీ ఇంట్లో పడమటి గదిలో ప్లగ్గు గోడకు ఆ చివర ఉన్నట్టు గుర్తు. రెండు మిషన్లకూ సరిపడే పొడుగు వైరు నేనే తెస్తాను, నువ్వు కొనకు.

నీ మిత్రుడు